విదేశానికి కాపురం మారుస్తున్నారా? ఏది వెంట, ఏది ఊళ్ళో, ఏది ఎవరికి

శ్రీకాకుళంలో మా ఇల్లు ఖాళీ చేస్తున్న రోజుల్లో వచ్చినవాళ్ళందరూ "ఏమేం పట్టుకెళ్తున్నారు?" అని అడిగారు. మా మామ్మ ఒక్కతే వేరే ప్రశ్న వేసింది. అటక మీంచి దింపిన ఇత్తడి గుండిగ పక్కన కూర్చుని, "దీన్ని ఎవరికి ఒగ్గేసి ఎల్తావే?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న అని అమెరికాలోని ఒహాయో వెళ్ళిన రెండేళ్ళకి గానీ నాకు అర్థం కాలేదు. పెట్టెల్లో పట్టేవి ఎలాగూ పట్టుకెళ్తాం. మిగిలినదాన్ని ఏం చేయాలో తేల్చకుండా తాళం వేసి వెళ్ళిపోతే అది పాడైపోతుంది, లేదంటే దాని గురించి అయినవాళ్ళ మధ్య మాట వస్తుంది.

ఆ తర్వాత టెక్కలి, చీపురుపల్లి, విజయనగరం నుంచి మా చుట్టాల కుటుంబాలు కొన్ని విదేశాలకి కదిలినప్పుడు సామాను సర్దడానికి నేనూ కూర్చున్నాను. అలా కుదిరిన వరస ఇది. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

మొదటి అడుగు: సామాను ముట్టుకోకముందే తెలుసుకోవాల్సినవి

ముందు ఎన్నాళ్ళకి వెళ్తున్నారో మీకు మీరు నిజం చెప్పుకోండి. రెండేళ్ళ కాంట్రాక్టుకి వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని అక్కడే పెంచాలని వెళ్ళేవాళ్ళు ఒకే రకంగా సర్దితే ఇద్దరిలో ఒకరు నష్టపోతారు. తేలకపోతే రెండేళ్ళే అనుకుని సర్దండి. తర్వాత తెప్పించుకోవచ్చు, అక్కడి నుంచి వెనక్కి తేవడం మాత్రం చాలా ఖర్చు.

తర్వాత అక్కడి ఇల్లు. అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్‌లో సాధారణంగా స్టవ్, ఫ్రిజ్ ఉంటాయి, మంచాలు ఉండవు. జర్మనీలో చాలా అద్దె ఇళ్ళల్లో వంటగది అల్మరాలు, స్టవ్ కూడా ఉండవు. గల్ఫ్‌లో కంపెనీ ఇచ్చే గదిలో మంచం, పరుపు ఉండవచ్చు. ఇంటి ఫొటోలు తెప్పించుకోండి. ముఖ్యంగా స్టవ్ ఫొటో అడగండి. గ్యాసా, కాయిల్‌దా, అద్దంలాంటి నున్నటి పలకదా, ఇండక్షనా అన్నది తెలిస్తే మీ వంటింటి సామానులో సగం తేలిపోతుంది.

మూడోది, ఖర్చు ఎవరిది? కంపెనీ పెట్టుకుంటానంటే ఓడ సరుకా, విమాన సరుకా, బీమా ఉందా, అక్కడి పోర్టులో పడే ఛార్జీలు కూడా వాళ్ళవేనా అని రాతలో తీసుకోండి.

రెండో అడుగు: బరువు లెక్క

అమెరికా, కెనడా టికెట్ల మీద సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. ముగ్గురు వెళ్తే ఆరు పెట్టెలు, 138 కిలోలు. గల్ఫ్‌కి, యూరప్‌కి ఇంతకంటే తక్కువే ఉండవచ్చు, మీ టికెట్ చూసుకోవాలి. ఒక్కో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది చాలా విమాన సంస్థల నియమం. పెద్ద సూట్‌కేసు ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగుతుంది. అంటే మీ సామానుకి మిగిలేది 18 లేదా 19 కిలోలే. గట్టి అట్టపెట్టె తేలిక, దాన్నీ తీసుకుంటారు. వేలాడదీసి తూచే చిన్న త్రాసు కొనుక్కోండి, అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

మన జిల్లాల వాళ్ళు తరచుగా దెబ్బతినేది ఇక్కడే. విశాఖ నుంచి హైదరాబాద్‌కో ఢిల్లీకో వెళ్ళి అక్కడ పెద్ద విమానం ఎక్కుతాం. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే విదేశీ ప్రయాణపు బరువే మొదటి విమానానికీ వర్తిస్తుంది. తక్కువ ధరకి వస్తుందని విశాఖ–హైదరాబాద్ టికెట్ విడిగా కొంటే దాని మీద సాధారణంగా 15 కిలోలే ఉచితం. మిగతాదానికి కౌంటరు దగ్గర కిలోల చొప్పున కట్టాలి. విడిగా వెళ్ళక తప్పకపోతే ఆమదాలవలస లేదా విజయనగరం స్టేషన్లో రైలెక్కండి. థర్డ్ ఏసీలోనూ స్లీపర్లోనూ మనిషికి 40 కిలోల దాకా, సెకండ్ ఏసీలో 50 కిలోల దాకా ఉచితం.

టికెట్ బరువు చాలనివాళ్ళకి రెండు దారులున్నాయి. విమాన సరుకుకి బరువొక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే చోటుని కూడా బరువుగా లెక్కకడతారు. సెంటీమీటర్లలో మూడు కొలతలూ గుణించి, కార్గో అయితే 6000తోనూ కొరియర్ అయితే 5000తోనూ భాగిస్తారు. 60×45×45 పెట్టెలో దుప్పట్లు, దిళ్ళు పెడితే త్రాసు మీద 8 కిలోలే తూగినా కొరియర్ లెక్కలో అది 24 కిలోలు. అందుకే పరుపులు, దిళ్ళు, బొమ్మలు విమానంలో పంపడం దండగ. ఓడ సరుకుకి ఘనమీటర్లలో ధర ఉంటుంది, చేరడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ధర అడిగేటప్పుడు "ఇంటి నుంచి ఇంటికా, ఇంటి నుంచి పోర్టుకా" అని తప్పకుండా అడగండి. రెండోదైతే అక్కడి పోర్టు ఛార్జీలు, తనిఖీ ఖర్చు, లారీ కిరాయి మీ నెత్తినే పడతాయి. బీమా పత్రం కూడా చదవండి. మీరే కట్టుకున్న పెట్టెల్లో పగిలినవాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి వస్తువుకీ మూడు అంకెలు రాయండి: బరువు, ఇక్కడి ధర, అక్కడి ధర. అక్కడి ధర మీరు వెళ్ళే ఊళ్ళో ఉన్న ఎవరినైనా అడిగితే నిమిషంలో చెప్తారు. తీసుకెళ్ళే ఖర్చు అక్కడి ధర కంటే ఎక్కువైతే ఆ వస్తువు ఆగిపోవాలి. ఇలా చూస్తే టేకు మంచాలు, సోఫాలు, డైనింగ్ టేబుల్ దాదాపు అన్నీ ఇక్కడే ఉండిపోతాయి. ఉప్పుగాలిలో, తేమలో పెరిగిన చెక్క చలిదేశంలో హీటరు వేసిన పొడి ఇంట్లో ముడుచుకుని చీలిక పడుతుందన్నది ఇంకో కారణం. మొత్తం కుటుంబం శాశ్వతంగా వెళ్తూ, ఖర్చు కంపెనీ పెట్టుకుంటే తప్ప ఫర్నిచర్ పంపమని నేను ఎవరికీ చెప్పను.

ప్రయాణం ముందు విశాఖ వెళ్ళి అన్నీ కొత్తవి కొనేవాళ్ళకి ఒక మాట. ఓడలో వెళ్ళే ఇంటి సామానుకి పన్ను మినహాయింపు పాతవాటికే ఎక్కువ. అమెరికాలో ఏడాదైనా వాడిన ఇంటి సామానుకి పన్ను ఉండదు. ఆస్ట్రేలియాలో కూడా పన్నెండు నెలలు మీదై, వాడినదై ఉండాలి. ఇంగ్లండ్‌లో ఆరు నెలలు మీ దగ్గర ఉన్నదై ఉండాలి, ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. కెనడాకి వలస వెళ్ళేవాళ్ళు వెనక రాబోయే సామాను జాబితాని మొదటిసారి దిగిన రోజే అధికారికి ఇవ్వాలి. ఆ రోజు ఇవ్వని వస్తువు తర్వాత వస్తే పన్ను పడవచ్చు. అందుకే నోటుపుస్తకంలో ప్రతి వస్తువు పక్కన కొన్న సంవత్సరం కూడా రాసుకోండి.

మూడో అడుగు: వంటిల్లు

ఎక్కువ సమయం వంటింటికే ఇవ్వండి. వెళ్ళిన మొదటి నెలలో మనిషిని నిలబెట్టేది ఇంటి తిండే.

మొదటి స్థానం కుక్కర్‌ది. మూడు లీటర్లది ఒకటి, ఐదు లీటర్లది ఒకటి ఉంటే కుటుంబానికి చాలు. అడుగు చదునుగా ఉండాలి. ఇండక్షన్ స్టవ్ అయితే ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని గిన్నె అడుగుకి ఆనించి చూడండి. గట్టిగా అంటుకుంటేనే అది పనికొస్తుంది. అల్యూమినియం, ఇత్తడి అంటుకోవు. రెండు గాస్కెట్లు, రెండు సేఫ్టీ వాల్వులు, ఒక వెయిట్ అదనంగా కొని కుక్కర్లోనే పెట్టండి. గాస్కెట్ సాగిపోయాక అదే సైజు కోసం అక్కడ నేను నెల తిరిగాను. కుక్కర్ని చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపుతారు, పెద్ద పెట్టెలోకే వేయండి. దాని కడుపు ఖాళీగా పోనివ్వకుండా గ్లాసులు, పొడుల పొట్లాలు కూరండి.

కుక్కర్లో పట్టే ఇడ్లీ రేకులు, చదును అడుగు అట్లపెనం, అట్లకాడ, పోపులపెట్టె, స్టీలు జంతికల గొట్టం, పప్పుగుత్తి, టీ వడపోత ఇవన్నీ తేలిక, అక్కడ ధర ఎక్కువ. తీసుకెళ్ళండి. స్టీలు కంచాలు, గ్లాసులు, గిన్నెలు మనిషికి ఒకటి చొప్పున, పైన ఇద్దరు అతిథులకి. కంచం పావుకిలో ఉంటుంది, డజను పెడితే మూడు కిలోలు.

ఇంకొకటి ఏ జాబితాలోనూ కనిపించదు. మీరు రోజూ బియ్యం కొలిచే గ్లాసో, సోలో, తవ్వో. ఆ గ్లాసుకి ఎన్ని నీళ్ళు పోయాలో మీ చేతికి తెలుసు. కొత్త బియ్యం, కొత్త నీళ్ళు, కొత్త స్టవ్ మధ్య కనీసం కొలతైనా పాతదైతే అన్నం త్వరగా కుదురుతుంది. వంద గ్రాముల వస్తువు అది.

వదిలేయాల్సినవి: రుబ్బురోలు, సన్నికల్లు, కోరాము, కత్తిపీట, పింగాణీ జాడీలు, గుండ్రటి అడుగు మూకుళ్ళు. కోరిన కొబ్బరి చాలా దేశాల్లో ఇండియన్ షాపుల ఫ్రీజర్లో దొరుకుతుంది. గుండ్రటి మూకుడు కరెంటు స్టవ్ మీద నిలబడదు. ఇత్తడి వంటగిన్నెలు తీసుకెళ్ళాలని చాలామందికి ఉంటుంది. కళాయి, అంటే లోపలి తగరపు పూత, లేని ఇత్తడిలో పులుపు వండకూడదు, కళాయి పోయాక మళ్ళీ వేసేవాళ్ళు అక్కడ దొరకడం కష్టం. సరుబుజ్జిలి మండలం బుడితి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి చిన్న దీపపు కుంది ఒకటి, గంట ఒకటి పట్టుకెళ్ళండి. బిందె, గుండిగ ఊళ్ళో ఉండనివ్వండి.

నాలుగో అడుగు: తిండి సామాను, తనిఖీలో ఆపేవి

వండి పొడి చేసినవాటికి ఇబ్బంది తక్కువ, పచ్చివాటికీ గింజలకీ మాంసానికీ పాలకీ ఎక్కువ. దేశం దేశానికి తేడా ఉంది కాబట్టి విడివిడిగా చెప్తాను.

అమెరికాకి మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, పళ్ళు, నాటే విత్తనాలు వద్దు. గోంగూర, తోటకూర విత్తనాలు చిన్న పొట్లంలో దాచి పట్టుకెళ్ళేవాళ్ళని చూశాను, అది మొక్కల తెగుళ్ళ చట్టం కిందకి వస్తుంది. మనం ఊహించనిది బియ్యం. ఖప్రా అనే గోదాము పురుగు ఉన్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి ప్రయాణికులు బియ్యం, శనగలు తేవడానికి ఒప్పుకోరు. ఆస్ట్రేలియా అదే పురుగు భయంతో జీలకర్ర, ధనియాలు, పెసలు వంటివాటిని కూడా సామానులో రానివ్వదు. ఇంగ్లండ్‌కి, యూరప్ దేశాలకి మాంసంతో పాటు పాల పదార్థాలూ నిషేధమే, కాబట్టి నెయ్యి, పాలకోవా వదిలేయండి. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు మసాలాలో గసగసాలు లేకుండా చూసుకోవాలి. దుబాయ్‌లో దాన్ని మాదకద్రవ్యాల కింద లెక్కిస్తారు, దొరికితే కేసే. ఇంట్లో దంచిన గరంమసాలాలో అది కలిసి ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి.

విమానమే ఒప్పుకోనివి కొన్ని ఉన్నాయి. కొబ్బరితోటల ఉద్దానం వాళ్ళకి ఇది బాధే గానీ, ఎండు కొబ్బరి కురిడీలు పెట్టెలో పెట్టనివ్వరు. నూనె ఎక్కువ ఉండి వేడికి తనంతట తాను అంటుకునే పదార్థాల వరసలో దాన్ని చేర్చారు. హారతి కర్పూరం, అగ్గిపెట్టెలు కూడా వద్దు. పూజ సామాను సర్దే పెద్దవాళ్ళకి ఇది ముందే చెప్పండి, ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పించి తీయిస్తే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది.

అమెరికా వెళ్ళేటప్పుడు మేము పట్టుకెళ్ళి సంతోషించినవి: ఆవకాయ, చింతపండు, కారం, చారుపొడి, కందిపొడి, చోడిపిండి (రాగిపిండి), అప్పడాలు, గుమ్మడి వడియాలు, మూసిన ప్యాకెట్లలో పలాస జీడిపప్పు. ఆవకాయని ఇంట్లో డబ్బాలో కాకుండా పచ్చళ్ళ షాపులో యంత్రం మీద మూయించిన మందపాటి కవరులో పెట్టి, పైన ఇంకో రెండు కవర్లు వేసి, బట్టల పెట్టెకి దూరంగా ఉంచండి. పొడులన్నీ పెద్ద పెట్టెలోకే వెళ్ళాలి. పచ్చడి, నెయ్యి చేతిసంచిలో వద్దు. ప్రతి పొట్లం మీద పేరు రాయండి.

దిగాక ఫారంలో "తిండి పదార్థాలు ఉన్నాయా" అంటే ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే వద్దన్నది తీసి పారేస్తారు. దాచి దొరికితే జరిమానా, కొన్ని చోట్ల వీసాకే ఇబ్బంది.

ఐదో అడుగు: కరెంటుతో నడిచేవి

మన ఇళ్ళలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గల్ఫ్‌లో చాలా దేశాలు, ఇంగ్లండ్, యూరప్, ఆస్ట్రేలియా దాదాపు మనలాంటివే, ప్లగ్గు ఆకారం మారుతుంది అంతే. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, వాటికి అడాప్టర్ చాలు. ఆ అంకె లేని ఏ వస్తువునీ అమెరికా పెట్టెలో పెట్టొద్దు. మన మిక్సీని అక్కడ నడపాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మిక్సీ కంటే బరువు. వెట్ గ్రైండర్ మోటారుకి వోల్టేజీతో పాటు హెర్ట్జ్ కూడా కుదరాలి. 110 వోల్టులకి తయారైన మన మిక్సీలు ఇక్కడే ఆర్డరు మీద దొరుకుతాయి. పప్పు రుబ్బకుండా బతకలేం అనుకుంటే అది కొనుక్కోండి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీపెట్టె గురించి ఆలోచించనే వద్దు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

ఆరో అడుగు: బట్టలు

ఇది త్వరగా తేల్చేయండి. చలిదేశానికి కావలసిన కోటు, బూట్లు అక్కడే కొనండి, ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆగవు. రోజువారీ బట్టలు రెండు వారాలకి, లోదుస్తులు ఎక్కువ, పండగ బట్టలు మనిషికి రెండు జతలు, పట్టుచీరలు మూడు. చీరకి కుట్టించిన జాకెట్లు మాత్రం అదనంగా పట్టుకెళ్ళండి, అక్కడ కుట్టుకూలి చాలా ఎక్కువ. పొందూరు ఖాదీ తేలిక, గాలాడుతుంది, వేసవికి హాయి. మంచాల కొలతలు మనవి కావు, ఇక్కడి దుప్పట్లు సరిగ్గా కూర్చోవు. కప్పుకోవడానికి మామ్మ కుట్టిన బొంత ఒకటి పట్టుకెళ్ళండి చాలు.

ఆ బొంతలాంటి వాటికి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఒక్కొక్కరికీ ఒక వస్తువు లెక్క లేకుండా. కిలో లోపు ఏదైనా సరే, ఎవరూ ఎందుకని అడగకూడదు. మా అమ్మాయి నాగావళి ఒడ్డున ఏరుకున్న గులకరాళ్ళ డబ్బా తీసుకుంది, మట్టి లేకుండా కడిగి తుడిచి ఇచ్చాం. కొత్త ఊళ్ళో మొదటి నెల అది దాని తలగడ పక్కనే ఉంది. పిల్లలు వదిలేయాల్సిన బొమ్మల్ని వాళ్ళ చేతులతోనే ఇప్పించండి, నిద్రపోతున్నప్పుడు మాయం చేయొద్దు.

ఏడో అడుగు: బంగారం, పాత విగ్రహాలు, వీణ

బంగారం ఎంత తక్కువ పట్టుకెళ్తే అంత నిద్ర పడుతుంది. పట్టుకెళ్ళేదాన్ని ఫొటోలు తీసి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యూయర్ దగ్గర విలువ కట్టించి, వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు "ఇది నాదే, ఇక్కడి నుంచే వెళ్ళింది" అనడానికి ఆ కాగితమే సాక్ష్యం. మిగతాది లాకర్లో, నమ్మకమైన మనిషితో ఉమ్మడి పేరు మీద, నామినీ రాసి.

పాత వస్తువులతో జాగ్రత్త. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలు, శిల్పాలు, లోహపు కళాఖండాల వంటివాటిని, 75 ఏళ్ళు దాటిన రాతప్రతుల్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. తాతల నాటి తాళపత్రాలు, దేవుడి గూట్లో కంచు విగ్రహం మీ ఇంటివే అయినా చట్టం ఒకటే. కొత్త విగ్రహమే పాతదానిలా కనిపిస్తే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదని పత్రం తీసుకోవాలి. బుడితిలో కొన్నదైతే బిల్లు దాచుకోండి. పులిగోరు, జింకచర్మం వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి. నెమలి ఈకలూ దేశం దాటకూడదు, దేవుడి పటం వెనక గుచ్చినవి కూడా తీసేయండి.

బొబ్బిలి వీణ నేర్చుకున్న అమ్మాయి వీణ లేకుండా వెళ్ళకూడదని నా అభిప్రాయం. పనస మానుని తొలిచి చేసిన ఆ వాయిద్యానికి గట్టి పెట్టె చేయించి, తీగలు వదులు చేసి, విమాన సంస్థకి ముందే చెప్పి రాతలో అనుమతి తీసుకోండి. మామూలు పెట్టె కొలతల్లో అది పట్టదు.

ఎనిమిదో అడుగు: ఊళ్ళో ఉండిపోయేవి

మామ్మ ప్రశ్నకి ఇప్పుడు వచ్చాం. మా పెద్దనాన్నగారి ఇల్లు సోంపేట వైపు. ఆయన పిల్లలు విదేశాలకి వెళ్తూ మూడు గదుల సామాను ఒక గదిలో కుక్కి తాళం వేశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ గది పెంకు లేచిపోయింది. తాళం తీసి చూసే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. నెల తర్వాత తీస్తే పరుపులు కుళ్ళిపోయాయి, పెళ్ళి ఆల్బమ్ అట్టలా అతుక్కుపోయింది, బీరువా అడుగు తుప్పు పట్టింది. తుఫాను రాకపోయినా మన తీరంలో చెదలు, ఉప్పుగాలి, చిలుము తమ పని తాము చేస్తూనే ఉంటాయి.

అందుకే ప్రతి వస్తువు గురించీ రెండు మాటల్లో ఒకటి స్పష్టంగా అనండి: "ఇచ్చేశాను" లేదా "దాచమన్నాను". "మీ దగ్గర ఉంచండి, చూద్దాం" అనే మూడో మాట వద్దు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ బ్యాటరీ, పరుపులు, కుట్టు మిషన్ వాడకపోతే పాడవుతాయి కాబట్టి వాటిని ఇచ్చేయండి లేదా అమ్మేయండి. మరదలికి కుట్టు మిషన్ ఇస్తే ఇచ్చేసినట్టే, తర్వాత ఆవిడ దాన్ని అమ్ముకున్నా అడగకూడదు. దాచమన్నవి మాత్రం తక్కువగా ఉండాలి. ఒక బీరువాలో పట్టేంత అని హద్దు పెట్టుకోండి. వాటికి ఫొటోలు, జాబితా, ఒకే ఒక్క మనిషి పేరు. ఏడాదికి రెండుసార్లు, వానల ముందు ఒకసారి, దీపావళికి ఒకసారి తీసి చూడమని అడగండి, దానికి అయ్యే ఖర్చు మీరు పంపండి.

దాచే పద్ధతి కూడా చెప్పాలి. ఇత్తడిని చింతపండుతో తోమి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, పాత నూలుబట్టలో చుట్టాలి. తడి ఉంటే చిలుము పడుతుంది. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లో కాదు, పాత పంచెలో, మడతలు మార్చేలా. పుస్తకాలు గోడకి ఆనకుండా, నేలకి అడుగు పైన. ఫొటోలన్నీ స్కాన్ చేయించి రెండు చోట్ల దాచండి.

గ్యాస్ కనెక్షన్‌కి సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. బండి ఎవరికి ఇచ్చినా, తమ్ముడికైనా సరే, 29, 30 నంబరు ఫారాలతో పేరు మార్పించాకే తాళం ఇవ్వండి.

మా గుండిగ చివరికి మా పిన్ని ఇంటికి వెళ్ళింది. దాచమనలేదు, ఇచ్చేశాం. ఇప్పుడు వాళ్ళింట్లో పండక్కి అందులోనే నీళ్ళు కాస్తారు.

తొమ్మిదో అడుగు: చేతిసంచి

పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, పుట్టిన, పెళ్ళి ధ్రువపత్రాలు, పిల్లల టీకాల కార్డులు, పాత ఆస్పత్రి రిపోర్టులు చేతిసంచిలోనే ఉండాలి. మందులు డాక్టరు చీటీతో, అసలు డబ్బాల్లోనే, మందు పేరు ఉండేలా. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా అక్కడ నిషేధమని గుర్తుంచుకుని ముందే అడగాలి. కళ్ళద్దాలు ఇంకో జత.

బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ మర్చిపోవద్దు. గ్రాము బరువు ఉండదు, అది లేకపోతే ఇక్కడి ఖాతాలో డబ్బు కదలదు. రోమింగ్ వేయించి, ఎప్పటికప్పుడు రీఛార్జ్ చేస్తూ ఉండాలి. మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబరు పోవచ్చు.

కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం నుంచి ఒంటరిగా గల్ఫ్‌కి పనికి వెళ్ళే తమ్ముళ్ళకి ఈ అడుగే అన్నిటికంటే ముఖ్యం. మీకు సామాను తక్కువ: చిన్న కుక్కర్, కంచం, గ్లాసు, దుప్పటి, నాలుగు జతల బట్టలు. కానీ ఉద్యోగ ఒప్పందం, ఎమిగ్రేషన్ క్లియరెన్సు (విదేశంలో పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి), ప్రవాసీ భారతీయ బీమా పాలసీ, పాస్‌పోర్టు కాపీలు రెండు సెట్లు చేయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో చదువుకున్న మనిషి దగ్గర ఉండాలి. ఏదైనా ఆపద వస్తే ఇంట్లోవాళ్ళు పట్టుకుని తిరగాల్సింది ఆ కాగితాలనే.

పదో అడుగు: కట్టడం

వరిగడ్డి వాడొద్దు. మన దగ్గర ఇత్తడి, పింగాణీ గడ్డిలో కట్టడం అలవాటు. ఓడలో వెళ్ళిన మా పెట్టెల్లో ఒకదానికి కట్టినవాళ్ళు అలాగే గడ్డి కూరారు. అక్కడి వ్యవసాయ తనిఖీలో ఆ పెట్టె ఆగిపోయింది, విప్పి శుభ్రం చేసిన ఖర్చు మేమే కట్టాం. పాత పేపర్లు, మన బట్టలే చుట్టండి. చెక్కపెట్టె చేయిస్తే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉన్న, వేడి చేసి పురుగు చంపిన చెక్కే కావాలి. చీపుర్లు, వెదురు చేటలు, బురద అంటిన చెప్పులు ఓడ పెట్టెల్లో వేయొద్దు.

ఒకరి బట్టలన్నీ ఒకే పెట్టెలో పెట్టకండి. ఒక పెట్టె ఆలస్యమైతే ఆ మనిషికి మార్చుకోవడానికి ఏమీ ఉండదు. అందరివీ అన్నిట్లో కొంచెం కొంచెం వేయండి. ప్రతి పెట్టె 22 కిలోల దగ్గర ఆపండి, ఇంటి త్రాసుకీ ఎయిర్‌పోర్టు త్రాసుకీ తేడా వస్తుంది. పెట్టె లోపలా బయటా పేరు, అక్కడి చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి.

అన్నిటికంటే చివర కట్టేది మొదటి రాత్రి పెట్టె. చిన్న కుక్కర్, గరిటె, మనిషికో కంచం, ఉప్మా ప్యాకెట్లు, చారుపొడి, ఉప్పు, తువ్వాళ్ళు, సబ్బు, ఒక దుప్పటి, అడాప్టర్, పిల్లలకి మార్చే బట్టలు. ఇరవై గంటల ప్రయాణం తర్వాత, అర్ధరాత్రి, తెలియని ఇంట్లో వెతుక్కోకుండా దొరకాలి. దానికి ఎర్ర రిబ్బను కట్టి, ఏ పెట్టె అదో ఇంట్లో అందరికీ చూపించండి.